యంత్రానికీ ఒక తాళం, ఒక జవాబుదారు ఉండాలి



నేను ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్లో నా ట్రంకు పెట్టె తాళంచెవి పోయింది. పక్కన పడుకునే మిత్రుడు తన తాళంచెవి పెట్టి తిప్పితే నా పెట్టె తెరుచుకుంది! ఇద్దరం ఒకే సంతలో ఒకే రకం తాళం కొన్నాం మరి. ఆ రోజు నవ్వుకున్నాం. ఇప్పుడు పి.జి.లో కంప్యూటర్ సైన్స్ చదువుతుంటే అది నవ్వి వదిలేసే విషయం కాదని తెలిసింది.

2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాము చేసిన పని ఇదే. కెమెరాలకు, రౌటర్లకు కంపెనీవాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డ్‌లను చాలామంది మార్చలేదు. అలాంటివి 60కి పైగా వరసగా ప్రయత్నించి, ఎన్నో యంత్రాలను అది లోబరచుకుంది. ఆ యంత్రాలతో అక్టోబరు 21న జరిపిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు.

మనిషినైతే ఓటీపీ అడగవచ్చు. రాత్రంతా తమలో తాము మాట్లాడుకునే ప్రోగ్రాములను ఎవరు అడుగుతారు? రహస్య తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వారినే అసలు యంత్రమని కంప్యూటరు నమ్ముతుంది. ఉబర్ సంస్థ ఇంజనీర్లు అలాంటి తాళంచెవిని ప్రోగ్రాములోనే రాసి ఉంచారు. 2016లో అది దొంగల చేతికి చిక్కి, 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. సంస్థ ఆ సంగతి 2017 నవంబరు దాకా బయటపెట్టలేదు.

మా నాన్న వేలిముద్ర వేసే మనిషి. ఆయన బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు వివరాలు ఏ కంప్యూటర్లో ఉన్నాయో ఆయనకు తెలియదు. వాటికి ఆయన కాపలా కాయలేడు. కనుక బాధ్యత తయారుచేసేవారిదీ, నడిపేవారిదీ కావాలి. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతో నిషేధించింది. అది సరైన దారి అని నా అభిప్రాయం.

రెండో దారి మన వార్డెన్ గారి రిజిస్టరులోనే ఉంది. చేరినవాడి పేరు ఎక్కుతుంది, వెళ్ళినవాడి పేరు కొట్టివేయబడుతుంది. ప్రతి యంత్రానికీ, ప్రోగ్రాముకూ అలాగే పేరు, జవాబుదారు, గడువు ఉండాలి. అవసరమైన గది తాళమే ఇవ్వాలి, అన్ని గదులవీ కాదు. పని ముగిస్తే వెనక్కి తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న అన్నలారా, మీ ప్రోగ్రాముల్లో తాళంచెవులు మిగిలి ఉన్నాయేమో ఒకసారి చూడండి. తమ్ముళ్ళూ, మీ ఊళ్ళో ఎవరైనా దుకాణంలో కెమెరా పెట్టిస్తే, ముందు పాస్‌వర్డ్ మార్పించండి. చదువుకున్నందుకు మనవాళ్ళకు మనం చేయగల చిన్న కాపలా ఇది.