ఇంటిదొంగను పట్టే విద్య

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు” అన్నది తెలుగు సామెత. “ఘర్ కా భేదీ లంకా ఢాయే” అన్నది ఉర్దూ సామెత. మన కళాశాల ప్రాంగణంలో వినవచ్చే ఈ రెండు భాషలూ ఒకే సత్యాన్ని బోధిస్తున్నాయి. లోపలివాని వలన కలిగే చేటు బయటి శత్రువు వలన కలిగే చేటు కంటె పెద్దది. లైనక్స్‌తో నడిచే కంప్యూటరు వైర్‌లెస్ డ్రైవరు దోషం వలన హఠాత్తుగా స్తంభించినప్పుడు జరిగేది సరిగా ఇదే. అయితే ఈ ఇంటిదొంగ పట్టరానివాడు కాడనీ, పట్టుకునే పద్ధతిని మన విద్యార్థులు అభ్యసించవలసి ఉన్నదనీ నా అభిప్రాయం.

లైనక్స్‌కు కెర్నెల్ గుండెకాయ వంటిది. ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని లోకానికి అందించాడు. మెమరీని పంచిపెట్టడం, ప్రోగ్రాములకు వంతులు నిర్ణయించడం, పరికరాలతో వ్యవహరించడం దాని విధులు. ఒక్కొక్క పరికరంతో మాట్లాడే దుబాసీకే డ్రైవరు అని పేరు. సాధారణ ప్రోగ్రాము తప్పు చేస్తే కెర్నెల్ దానిని మాత్రమే ఆపివేస్తుంది. తక్కిన పనులు సాగిపోతాయి. డ్రైవరు అట్లా కాదు. అది కెర్నెల్‌లో భాగమై, కెర్నెల్‌కున్న సర్వాధికారాలతో పనిచేస్తుంది. తనది కాని మెమరీని అది తాకినా, ఒకసారి విడిచిన మెమరీని మళ్లీ వాడినా, మొత్తం యంత్రమే కూలిపోవచ్చును. 1992 జనవరిలో ఆచార్య ఆండ్రూ టానెన్‌బామ్ ఈ ఏకశిలా నిర్మాణాన్నే తీవ్రంగా విమర్శించాడు. అటువంటి సేవలు కెర్నెల్ వెలుపల ఉండవలెనని ఆయన వాదం. టోర్వాల్డ్స్ తన మార్గాన్ని విడువలేదు. ఆ మార్గంలో లాభమూ ఉన్నది, ఈ ప్రమాదమూ ఉన్నది.

ఈ ప్రమాదం రెండు విధాలుగా కనబడుతుంది. మొదటిది ‘ఊప్స్’. అప్పుడు కెర్నెల్ గాయపడుతుంది కాని కుంటుతూ నడుస్తుంది. రెండవది ‘పానిక్’. అప్పుడు తెర కదలదు, మౌసు కదలదు; చాలా యంత్రాలలో క్యాప్స్ లాక్ దీపం మాత్రం మిణుకుమిణుకుమంటుంది. ఆ క్షణంలో మనవారు చేసే పని స్విచ్చి నొక్కడం. మూడుసార్లు అట్లా జరిగితే లైనక్స్‌నే తుడిచివేసి, మళ్లీ మొదటినుండి స్థాపించడం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లున్నది ఈ వైద్యం! పైగా కొత్తగా స్థాపించిన వ్యవస్థతో పాటు ఆ డ్రైవరే తిరిగి వస్తుంది. రోగం అక్కడనే ఉంటుంది. విద్యార్థుల ఫైళ్లు మాత్రం పోతాయి.

మరి చేయవలసినదేమి? ముందుగా సందర్భాన్ని కాగితంపై వ్రాసుకోవలెను. యంత్రం నిద్రావస్థ నుండి మేల్కొన్నప్పుడా, ఒక నెట్‌వర్కు నుండి మరొక దానికి మారినప్పుడా, కెర్నెల్‌ను నవీకరించిన మరునాడా? తరువాత యంత్రాన్ని మళ్లీ నడిపించి, వెనుకటి సారి కెర్నెల్ వ్రాసిపెట్టిన దినచర్యను చదువవలెను. లాగ్‌ను డిస్కుపై భద్రపరచే ఏర్పాటు ఉన్నచోట ‘జర్నల్‌సీటీఎల్’ అనే ఆదేశం దానిని చూపిస్తుంది. పానిక్‌లో చివరి మాటలు డిస్కును చేరకపోవచ్చును. తెరపై అక్షరాలుంటే ఫొటో తీయవచ్చును. లేదా ‘నెట్‌కన్సోల్’ ద్వారా ఆ మాటలను తీగ మీదుగా పక్క కంప్యూటరుకు పంపే ఏర్పాటు ముందే చేసుకోవచ్చును.

ఆ వాఙ్మూలంలో ‘కాల్ ట్రేస్’ అనే భాగం ముఖ్యం. ఏ పని ఏ పనిని పిలిచిందో అందులో వరుసగా ఉంటుంది. చదరపు కుండలీకరణాలలో మాడ్యూలు పేరు కనబడుతుంది. అనేక దోషాలు వరుసగా ఉంటే మొట్టమొదటి దానినే నమ్మవలెను; తరువాతివి అప్పటికే గాయపడిన కెర్నెల్ పలవరింతలు కావచ్చును.

ఇక్కడ ఒక న్యాయసూత్రం గుర్తుంచుకోవలెను. పేరు కనబడినవాడు అనుమానితుడే కాని దోషి కాడు. చెడిపోయిన మెమరీ చిప్పు కూడా నిర్దోషియైన డ్రైవరుపై నింద మోపగలదు. కనుక ఆ మాడ్యూలును నిషిద్ధుల జాబితాలో చేర్చి, కొన్నాళ్లు తీగతో నెట్‌వర్కును వాడి చూడవలెను. యంత్రం నిలకడగా ఉండి, డ్రైవరును తిరిగి చేర్చగానే కూలితే అనుమానం బలపడుతుంది. పాత కెర్నెల్‌తో ఇబ్బంది లేకపోతే దోషం కొత్త మార్పులలో ఉన్నదన్నమాట. వాటిని సగానికి సగంగా విభజిస్తూ పరీక్షించితే 1,000 మార్పులలోని దోషిని సుమారు 10 పరీక్షలలో పట్టవచ్చును. దీనికి కావలసినది గొప్ప ప్రతిభ కాదు, ఓర్పు.

అయితే డ్రైవరు మూలరచనను తయారీదారు దాచిపెడితే ఈ ఓర్పు కూడా వృథా అవుతుంది. అట్టి మాడ్యూలు చేరిన కెర్నెల్ తనపై ‘కళంకిత’ ముద్ర వేసుకుంటుంది. ఆ స్థితిలో పంపిన ఫిర్యాదును పరిశీలించడానికి కెర్నెల్ నిర్మాతలు సాధారణంగా అంగీకరించరు. లోపల ఏమున్నదో వారికీ తెలియదు. బ్రాడ్‌కామ్ సంస్థ వైర్‌లెస్ చిప్పులకు మూలరచన లభించక స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి శ్రమించి, చిప్పు నడవడిని గమనించి స్వయంగా డ్రైవరు వ్రాసుకున్నారు. ఆ సంస్థ తానుగా ఒక బహిరంగ డ్రైవరును విడుదల చేసినది 2010లో.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో మూడు మనవులు. కంప్యూటర్లు కొనేటప్పుడు ధరతో పాటు, వైర్‌లెస్ చిప్పుకు కెర్నెల్‌లోనే బహిరంగ డ్రైవరు ఉన్నదా అని కూడా విచారించండి. ప్రయోగశాలలో ఒక దోషాల రిజిస్టరు పెట్టించండి. ఒక్క యంత్రాన్నయినా విద్యార్థులు విప్పి చూసి, చెడగొట్టి, బాగుచేసుకోవడానికి విడిచిపెట్టండి. దీనివలన కాలయాపన జరుగుతుందని, పరీక్షలకు ఇది ఉపకరించదని కొందరు అనవచ్చును. పరీక్షల నాడు తరగతి అంతా వాడవలసిన యంత్రాన్ని త్వరగా నిలబెట్టడమే సరియైన పని. దానిని నేను కాదనను. కాని సాక్ష్యాన్ని భద్రపరచడానికి పది నిమిషాలు చాలును. విచారణ మరునాడు జరుపవచ్చును.

విద్యార్థి మిత్రులారా! ఖరీదైన కోర్సులకు పోలేని ఇళ్లనుండి వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. లైనక్స్ మూలరచన చదవడానికి రుసుము లేదు. దోషాన్ని స్పష్టంగా నివేదించినవాని కులమతాలను, కళాశాల పేరును అడిగేవారు లేరు. యంత్రం కూలినప్పుడు స్విచ్చి మీదికి పోయే చేతిని ఒక్క క్షణం ఆపి, అది చెప్పిన చివరి మాటను వ్రాసుకోండి. తహ్‌కీక్ అన్నా పరిశోధన అన్నా మొదలయ్యేది అక్కడనే.