మస్టర్ పడ్డది సరే, దెబ్బ ఎక్కడ రాసిండ్రు?



"దెబ్బ తాకింది గానీ కాంట్రాక్టర్ మంచోడు, ఇంటికాడ పండుకున్నా మస్టర్ వేస్తున్నడు." బొగ్గు బావుల చుట్టున్న మన గూడేలల్ల ఈ మాట ఇప్పటికీ వింటున్నం. ఇది మంచితనం కాదని మేము గట్టిగ చెప్పదలుచుకున్నం.

2025 నవంబర్ దాక అమల్ల ఉన్న 1952 గనుల చట్టం ఏమన్నది? దెబ్బ తాకి 72 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే అది రిజిస్టర్‌కు ఎక్కాల్సి ఉండె. దాని నకలు మూడు నెలలకోసారి గనుల భద్రత అధికారులకు పోవాల్సి ఉండె. అంటే లెక్క మొత్తం 'పనికి రాకపోవుడు' మీదనే నడుస్తది. మస్టర్ పడితే కాగితం మీద మనిషి పనిల ఉన్నట్టే. పనిల ఉన్నోనికి గాయం ఎక్కడిది? నాలుగు రోజుల కూలి చేతిల పెట్టి, రేపు చెయ్యి పనికిరాకపోతే నష్టపరిహారం అడగడానికి ఉండాల్సిన సాక్ష్యం గుంజుకుంటున్నరు.

సావు దాగదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలకు నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయిండ్రు. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్ట్‌ల పేలుడుకు నలుగురు బలైండ్రు, నలుగురూ కాంట్రాక్ట్ కార్మికులే. ఇవి అందరికీ తెలిసినయి. విరిగిన వేలు, నలిగిన పాదం మాత్రం దాగుతయి. అవి రాస్తేనే ఏ జాగల, ఏ షిఫ్టుల ప్రమాదం పొంచి ఉందో సావు రాకముందే తెలుస్తది.

జబ్బుల సంగతి ఇంకా అన్యాయం. సిలికోసిస్, బొగ్గు దుమ్ముతోని వచ్చే న్యుమోకోనియోసిస్ తప్పకుండ పైకి తెలపాల్సిన జబ్బులు. వైద్యం చేసిన డాక్టర్ కూడా తెలపాలె. కానీ మూడేండ్లల్ల ముగ్గురు కాంట్రాక్టర్ల కింద మట్టి పని చేసిన తమ్ముని ఊపిరి ఎవరి రిజిస్టర్‌ల ఉంటది?

"చెప్తే పని పోతది" అంటరు. ఆ భయం ఉత్తది కాదు, మన ఇండ్లల్ల పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. అందుకే ఒక్కొక్కరు కాదు, అందరం కలిసి అడగాలె. ఆస్పత్రి చీటీల "ఇంట్ల జారిపడ్డడు" అని రాయిస్తే ఒప్పుకోవద్దు. తారీకు, షిఫ్టు, జాగ, చూసినోళ్ల పేర్లు అదే రోజు రాసి పెట్టుకోవాలె. సింగరేణి ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తది. హాస్టళ్లల్ల చదివే మనం ఒక్కొక్క గని పేరు మీద దరఖాస్తు పెడదాం: ఈ ఏడాది కాంట్రాక్ట్ కార్మికుల గాయాలు ఎన్ని రాసిండ్రు? జబ్బులు ఎన్ని తెలిపిండ్రు?

రక్షణ పక్షోత్సవాలల్ల బహుమతి ఇస్తే, ప్రమాదాలు తక్కువ చూపిన గనికి కాదు, దెబ్బను దెబ్బగ రాసిన గనికి ఇయ్యాలె.

మస్టర్ మన కూలి. రిజిస్టర్ మన హక్కు. ఒకటిచ్చి ఇంకోటి తీసుకుంటే ఊకోం.