కుదురుగా ఉన్న పిల్లవాడు – వీడియో ఆటల పెట్టె గురించి మా మాట



సెలవులు వస్తే చాలు, ఓ.పి.లో తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరుగారూ, మా మరిది అమెరికా నుండి వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. పిల్లలకు ఇవ్వచ్చా, బీరువాలో పెట్టి తాళం వేయమంటారా?" ఆటల సంగతి మాకేం తెలుసమ్మా అని ఇదివరకు తప్పించుకొనేవాళ్ళం. ఇప్పుడు అలా అనలేము. రెండేళ్ళ క్రితం క్రిస్మస్‌కు వచ్చిన ఒక సంఘ కుటుంబం పిల్లల వార్డుకు నింటెండో స్విచ్ ఒకటి ఇచ్చి వెళ్ళింది. దానితో పిల్లలు ఆడుతుంటే చూశాము. పక్కన కూర్చొని మేమూ ఆడాము, ఓడిపోయాము. దానివలన ఒక గట్టి పాఠం కూడా నేర్చుకొన్నాము. ముందుగా అదే చెబుతాము.

మామిడిచెట్టు మీదనుండి పడి కాలు విరిగిన తొమ్మిదేళ్ళ బాబు వార్డులో చేరాడు. ఉదయం పిండికట్టు వేశారు. మధ్యాహ్నం వరకు ఒకటే ఏడుపు. ఆటల పెట్టె తెచ్చి ముందు పెట్టగానే ఏడుపు మానేశాడు. తల్లి మా చేతులు పట్టుకొని, "ఇప్పటికి కుదుటపడ్డాడు సిస్టరమ్మా, ఆడుకోనివ్వండి" అన్నది. మాకూ ఊపిరి ఆడింది. కొత్తగా కట్టు వేసిన కాలి వేళ్ళను గంటగంటకు చూడవలెను. వేడిగా ఉన్నాయా, రంగు మారిందా, కదుపుతున్నాడా అని రాయవలెను. ఆ సాయంకాలం రెండు గంటలపాటు మా చార్టులో ఉన్నది ఒక్కటే మాట: "బాబు ఆడుకొంటున్నాడు."

రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టరు దుప్పటి తీసి చూస్తే వేళ్ళు వాచి చల్లగా ఉన్నాయి. బొటనవేలు మెల్లగా పైకెత్తితే బాబు కేక పెట్టాడు. వెంటనే డాక్టరుగారు వచ్చి కట్టు చీల్చి వదులు చేశారు. కట్టు లోపల వాపు పెరిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండరాలు, నరాలు దెబ్బతింటాయి. దేవుని దయవలన ఆ బాబు కాలు బాగుంది, ఇప్పుడు పరుగెత్తుతున్నాడు. తప్పు పెట్టెది కాదు, మాది. నొప్పిని మరిపించే వస్తువు నొప్పిని దాచిపెట్టగలదని మేము మరచిపోయాము.

అయినా ఆ పెట్టెను మేము తీసివేయలేదు. ఇంజెక్షన్ వేసేటప్పుడు, పుండుకు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు పిల్లల మనసు ఆట మీద ఉంటే భయం తగ్గుతుంది. అది మేము రోజూ చూస్తున్నాము. కాబట్టి వద్దు అని మేము చెప్పము. ఏ ఆట, ఎంతసేపు, పక్కన ఎవరు అన్నవే ప్రశ్నలు.

కొన్ని ఆటల గురించి మా అభిప్రాయం:

మారియో కార్ట్ 8 డీలక్స్ (2017): బొమ్మ కార్ల పందెం. ఒకే టీవీ మీద నలుగురు ఆడవచ్చు. చిన్నపిల్లల కారు రోడ్డు దాటి పడిపోకుండా కాపాడే ఏర్పాటు ఉంది కనుక ఐదేళ్ళ చెల్లి పదేళ్ళ అన్నతో కలిసి ఆడగలదు. మాకు నచ్చిన సంగతి మరొకటి, నాలుగు పందేలతో ఒక కప్పు ముగుస్తుంది. "కప్పు అయ్యాక లేవాలి" అని ముందే చెబితే పేచీ తక్కువ. సగంలో లాగేసుకొంటే ఏ పిల్లవాడైనా ఏడుస్తాడు. ఇంట్లో మొదట కొనదగినది ఇదే అని మా అభిప్రాయం.

ఓవర్‌కుక్డ్ (2016): అందరూ కలిసి వంటింట్లో కూరలు తరిగి, వండి, గడువులోగా వడ్డించాలి. ఒకరికొకరు సాయపడితేనే గెలుపు. మాట మీద మాట అందించడం నేర్పుతుంది. కాని గడియారం తరుముతుంది, కేకలు వస్తాయి. నిద్రకు ముందు, జ్వరంతో ఉన్నప్పుడు వద్దు.

రింగ్ ఫిట్ అడ్వెంచర్ (2019): చేతిలో ఒక చక్రం, తొడకు ఒక పట్టీ పెట్టుకొని నిజంగానే పరుగు, గుంజీలు చేస్తే బొమ్మ ముందుకు సాగుతుంది. తల్లిదండ్రులకు కూడా చెమట పడుతుంది. అయితే గుండెజబ్బు, హెర్నియా, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, గర్భిణులు, ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఇట్ టేక్స్ టూ (2021): ఇద్దరు ఉంటేనే ఆడగలిగే ఆట. బొమ్మలు ముద్దుగా ఉంటాయి. కాని కథ విడిపోవాలనుకొంటున్న భార్యాభర్తలది, వారిని చూసి ఏడ్చే కూతురిది. ఐరోపా లేబులు ప్రకారం 12 ఏళ్ళు దాటినవారికి. చిన్నపిల్లల ముందు పెట్టవద్దు. భార్యాభర్తలు కలిసి ఆడితే మాత్రం మాట్లాడుకొనేందుకు చాలా దొరుకుతుంది.

2006లో వచ్చిన వీ స్పోర్ట్స్ ఇంకా కొందరి ఇళ్ళల్లో ఉంది. చేతిలో రిమోట్ ఊపుతూ టెన్నిస్, బౌలింగ్ ఆడేది. తాతయ్య, మనవడు కలిసి ఆడగలిగేంత తేలిక. మణికట్టు తాడు తప్పక వేసుకోవలెను. రిమోట్లు చేయిజారి తాళ్ళు తెగుతున్నాయని ఆ కంపెనీయే 2006 డిసెంబరులో గట్టి తాళ్ళు మార్చి ఇచ్చింది.

కొనేముందు డబ్బా మీది గుర్తు చూడండి. అమెరికా నుండి వచ్చిన డబ్బాపై 1994లో ఏర్పడిన ఈఎస్ఆర్‌బీ వారి అక్షరం ఉంటుంది. 'ఈ' అంటే అందరికీ, 'టీ' అంటే 13 ఏళ్ళు, ఆపైన, 'ఎం' అంటే 17 ఏళ్ళు, ఆపైన. ఐరోపా డబ్బాపై పెగీ వారి 3, 7, 12, 16, 18 అంకెలు ఉంటాయి. "మా వాడు తెలివైనవాడు, అర్థం చేసుకొంటాడు" అని 18 అంకె ఉన్న ఆటను ఎనిమిదేళ్ళ వాడికి ఇచ్చిన తండ్రులను చూశాము. ఆ అంకె తెలివికి కాదు, వయసుకు. అయితే ఎంతసేపు ఆడాలో ఆ గుర్తు చెప్పదు. అది ఇంట్లోవారే చెప్పవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దు. 2 నుండి 4 ఏళ్ళవారికి రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. 5 నుండి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలి. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ఆ సంస్థ జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం కూడా ఉంది. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే అది జబ్బు కాదు, కంగారుపడవద్దు. ఆపాలన్నా ఆపలేకపోవడం, అన్నం, చదువు, స్నేహితులు అన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు సాగితే జబ్బు అంటారు. అంతవరకు ఆగకండి, ముందే తీసుకొని రండి. తిట్టము.

ఫిట్స్ ఉన్న పిల్లలలో కొందరికి మెరిసే వెలుగులు పడవు. అలాంటి వారి విషయం ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మందు ఒక్క పూట కూడా తప్పించవద్దు. ఎవరైనా సరే, దీపం వేసిన గదిలో, టీవీకి దూరంగా కూర్చొని ఆడాలి. పెట్టె హాల్లో ఉండాలి, పడకగదిలో కాదు. జలుబు, అమ్మవారు, కళ్ళకలక ఉన్నప్పుడు రిమోట్ తుడవకుండా మరొకరికి ఇవ్వకూడదు.

ఒక్క మాట తల్లులతో. వంట అయ్యేదాకా, పని అయ్యేదాకా పిల్లవాడు కుదురుగా ఉంటే చాలని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించింది. పన్నెండు మంది పిల్లలకు ఇద్దరు సిస్టర్లం ఉన్న సాయంత్రం ఆ పెట్టె మాకు మూడవ సిస్టరులా కనిపించింది. కాని అది వేళ్ళు తాకి చూడదు, జ్వరం చూడదు, ఆకలి అడగదు. ఇంట్లో కూడా అంతే. ఆడుతూ ఆడుతూ కళ్ళు నులుముకొంటున్నాడా, ఒంటికి వెళ్ళకుండా బిగబట్టుకొంటున్నాడా, బడిలో ఏదో జరిగి మూగగా ఉన్నాడా, ఇవి పక్కన కూర్చొన్నవారికే తెలుస్తాయి. రోజూ వీలు కాకపోతే ఒక్క కప్పు పందెమైనా వాడితో ఆడండి. ఓడిపోయినా ఫరవాలేదు.

మా వార్డులో ఆ పెట్టె మూత మీద ఒక కాగితం అంటించాము. "ఆడుకొంటున్నాడు అని రాయకూడదు. చూసి రాయవలెను." సిస్టర్ల కోసమే అంటించాము గాని, దానిని చదివి తల్లులు కూడా దుప్పటి తీసి చూస్తున్నారు. మాకు అది చాలా సంతోషం.