ఆదివారము కాని ఆరు దినములు

క్రైస్తవ మిషనరీని గూర్చి మన పత్రికలలో జరుగు చర్చ యంతయు సంఖ్యల చుట్టును తిరుగుచున్నది. ఎందరికి బాప్తిస్మ మిచ్చెనని పంపినవారు సంతోషముతో లెక్కించుచుండగా, ఎందరిని మతము మార్చెనని శంకించువారు కోపముతో లెక్కించుచున్నారు. ఇరువురి చేతనున్న కొలబద్ద యొక్కటియే. కన్నవారిని, భాషను, తిండిని విడిచి పరదేశమున కాపురముండు యువకుడు సోమవారము మొదలు శనివారము వరకు ఎవరి గడపలో కూర్చుండుచున్నాడో, ఎవరి జ్వరమునకు రాత్రి మేలుకొనుచున్నాడో అడుగువారు అరుదు. అతని విశ్వాసమును తూచదలచినచో ఆ ఆరు దినములనే తూచవలెనని నా నిశ్చితాభిప్రాయము. అందులకు సాక్ష్యము ముంబయిలోని మన తెలుగువాడల చెంతనే కలదు.

కామాఠీపుర మనగానే నేటి లోకమునకు తలపునకు వచ్చునది వేరు. ఆ పేరు మాత్రము, పదునెనిమిదవ శతాబ్ది తుదినుండి తెలంగాణపు పల్లెలను వీడి కట్టడపు పనులకై వచ్చి ఆ నేలలో నిలిచిన మన కామాఠీల వలన కలిగినది. వారి వెనుక పద్మశాలీలును, మున్నూరు కాపులును వచ్చిరి. మిల్లుల గొట్టములు పొగ చిమ్మిన కాలమున దాదరు, నాయగావ్, వర్లీ ప్రాంతములలోని చాళ్ళు తెలుగు మాటతో నిండెను. 1920 దశకమున లేచిన బి.డి.డి. చాళ్ళలో కుటుంబమున కొక్క గది, వైశాల్యము 160 చదరపు అడుగులు. మూల నొక మోరీ, బయట పొడవాటి వరండా, అంతస్తువారందరికిని కలిపి పాయిఖానాలు. ఇట్టి చోట ఎవడును మరియొకని కంట పడకుండ బ్రదుకజాలడు. భార్యతో పలికిన పరుషవాక్యము గోడ కావల వినబడును, పొయ్యి వెలిగినదో లేదో ప్రక్కగది వారికి తెలియును. బోధకు డిచ్చట కాపురమున్నచో అతని బోధను పరీక్షించుటకు ఆదివారపు ప్రసంగము వినవలసిన పనిలేదు.

ఆ కామాఠీపురమునకు ఆనుకొనియున్న నాగపాడాకు, అమెరికన్ మరాఠీ మిషను పంపగా, 1925లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ వచ్చెను. అప్పటి కతనికి ముప్పదియేండ్లు నిండలేదు. హిందువులు, ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు ఇరుకు గదులలో భుజము భుజము రాచుకొని బ్రదుకు ఆ పేటలో, ప్రార్థనాలయము లేపుటకు మారుగా అతడు నాగపాడా నైబర్‌హుడ్ హౌస్ అను ఇంటిని నెలకొల్పి, వైద్యమునకును, చదువునకును, వ్యాయామమునకును వచ్చు వారెవరినైనను మతమేదని అడుగక తలుపు తెరచెను. 1929లోను, 1932లోను బొంబాయి మతకలహములతో రక్తసిక్తమైనది. అట్టి యేండ్లలో అన్ని మతముల పిల్లలు ఒక్క చోట ఆడుకొను ఆవరణను కాపాడుట యెంతటి పనియో ఊహించుకొనవచ్చును. పేదరికము నెదుర్కొనుటకు దయ యొక్కటియే చాలదనియు, అందులకు శిక్షణము కావలెననియు గ్రహించి, టాటాల ధర్మనిధి సాయముతో 1936లో ఆ యింటనే సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌ను ఆరంభించి, 1941 వరకు దానిని నడపెను. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ దాని పెంపే. ఆ సంస్థ హైదరాబాదు శాఖలో చదువుకొను మన పిల్లలలో ఎందరికి, తమ విద్యాలయము కామాఠీల వాడ అంచున పుట్టెనని తెలియును?

ఇది సంఘసేవయే గాని విశ్వాస మెట్లగునని భక్తులైన క్రైస్తవులు కొందరు ఆక్షేపింతురు. వారు జార్జి బోవెను చరిత్రమును తిరుగవేయవలెను. 1848లో బొంబాయికి వచ్చిన ఈ అమెరికను, మరుసటి యేడే మిషను జీతమును వదలుకొని, దేశీయుల నడుమ చిన్న గదిలో నివసించి, వీధులలో నిలిచి బోధించుచు, నలువది యేండ్లు గడపి, 1888లో ఈ నగరముననే కన్నుమూసెను. అంత బోధించినను అతని మాటపై క్రైస్తవులైనవారు మిక్కిలి కొలది. లెక్కలు చూచువారి కది నిష్ఫలజీవితము. ఫలము కనబడని చోట ప్రతి యుదయమును లేచి మరల అదే వీధికి పోయిన ఆ ఓరిమికన్న విశ్వాసమునకు గట్టి నిదర్శనము నా కగపడలేదు.

లెక్కకే ప్రసిద్ధుడైన ఒంగోలు క్లౌ దొర మాటయు చెప్పవలెను. 1878 జూలైలో గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమైన కథ తెలుగు క్రైస్తవు లందరును ఎరుగుదురు. అంతకు ముందు కరవులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపిన ఆ దొర, గంజి కొరకు మతము పుచ్చుకొందురేమో యని వెరచి, కరవు దినములలో బాప్తిస్మము లిచ్చుటను నిలిపివేసెను. ఆశచూపి మతము మార్పించుట ఎవరు చేసినను దోషమే యని నమ్మువాడను గనుక, ఆ సంఖ్యకన్న ఆ నిలుపుదలయే నాకు ఘనముగా తోచుచున్నది.

మనవారును సముద్రము దాటిరి. 1903లో తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపెను. 1860 నుండి మదరాసు రేవున ఓడలెక్కి, అయిదేండ్ల ఒప్పందము మీద తోటలకు పోయిన కూలీలలో తెలుగువా రనేకులు. కామాఠీపురమునకు వచ్చినవారును, నేటాలునకు పోయినవారును ఒకే ఆకలి తరిమిన బిడ్డలు. రంగయ్య కియర్‌స్నీ తేయాకు తోటలోని తెలుగువారిని కూర్చి ఆ యేటనే సంఘము స్థాపించెను. చీటి లేనిదే తోట దాటరాని కూలీలు తన వద్దకు రాజాలరు. తానే వారి వద్దకు పోవలెను, అదియు పని ముగిసి పొద్దు గ్రుంకిన పిమ్మటనే. 1915లో మరణించువరకు ఆయన ఆ సేవలోనే యుండెను. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో లేకుండుట నాకు బాధాకరము.

దాదరు చుట్టుప్రక్కల నేటికిని కోస్తా జిల్లాల నుండి వచ్చి సేవచేయు యువకులు కలరు. నాయగావ్ చాళ్ళలో ఒకనిని దగ్గరగా చూచితిని. తెల్లవారకమునుపే నీళ్ళు వచ్చును; పక్షవాతముతో మంచమున పడిన ముసలివాని డ్రమ్ము నింపిన పిమ్మటగాని అతడు తన బకెట్టు పట్టుకొనడు. ఆ వృద్ధుడు 1982 మిల్లుల సమ్మెలో పని పోగొట్టుకొన్న పద్మశాలి, మార్కండేయ భక్తుడు. "చాయ తాగినవా బిడ్డా?" అని అతడడుగగా, "ముందు మీరు తాగండి తాతా" అని గుంటూరు యాసలో ఇతని జవాబు. పగలు ఆసుపత్రిలో కేస్ పేపరు తీయించుట, మరాఠీలో నున్న రేషను ఫారము చదివి పెట్టుట. రాత్రి తన గదిలో చాప పరచి నలుగురైదుగురితో కూడిక. తాత క్రైస్తవుడు కాలేదు, కాబోడు. ఊరి సంఘమునకు నెలనెలా పంపవలసిన నివేదికలో ఈ తాతను ఏ గడిలో వ్రాయవలెనని ఆ యువకు డొకనాడు నన్నడిగెను.

పంపు సంఘములకు నా విన్నపము: ఆ గడులను కొట్టివేయుడు. మొదటి రెండేండ్లు మరాఠీ, హిందీ నేర్చుటకును, పొరుగువారి పేర్లు తెలియుటకును అతనిని విడిచిపెట్టుడు. జీతము మాత్రము తారీఖు తప్పక పంపుడు, గది అద్దె ఆగదు. దాదరులోని మన తెలుగు సంస్థల పెద్దలకును ఒక మాట. బోధకులు, సంఘసేవకులు ఈ వాడలలో ఎట్లు బ్రదికిరో చెప్పగల ముసలివారు ఇంకను కొందరు మిగిలియున్నారు. వారి జ్ఞాపకములను వెంటనే వ్రాసికొనవలెను, ఏలయన బి.డి.డి. చాళ్ళ కూల్చివేత యిప్పటికే మొదలైనది.