గిన్నె అడుగున మిగిలిన టీ ఎవరిది?

మంచి టీపాట్ ఒకటి కొనుక్కుంటే రోజుకు ఇంకో రెండు కప్పుల టీ హాయిగా తాగొచ్చట. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే సలహా. పింగాణీది మంచిదా, గాజుది మంచిదా, పువ్వులున్నది బావుంటుందా అని చర్చలు. నాకు మాత్రం ఆ "ఇంకో రెండు కప్పులు" అన్న మాట దగ్గరే ఒళ్లు మండుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లకు టీ తక్కువై ఎవరూ బాధపడటం లేదండీ. తక్కువైంది వేడి. తక్కువైంది కూర్చునే తీరిక.

కావాలంటే లెక్క వేసుకుందాం. మా ఇంట్లో పొద్దున ఆరింటికి మావయ్యగారికి చక్కెర లేని టీ. ఆరున్నరకు ఆయనకూ అత్తయ్యగారికీ అల్లం టీ. పనమ్మాయి వచ్చాక ఆమెకో గ్లాసు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ అందరికీ. మధ్యలో ఎవరైనా వస్తే హాల్లోంచి "ఓ రెండు టీలు" అని కేక. రోజుకు ఐదుసార్లు టీ గిన్నె పొయ్యెక్కుతుంది. ఐదుసార్లూ నా వాటా ఒకటే, అందరికీ వడకట్టగా అడుగున మిగిలిన అరగ్లాసు. అదీ కుక్కర్ విజిల్‌కీ వీధి తలుపు బెల్లుకీ మధ్య గట్టు మీద చల్లారి, తొరక కట్టాక, నిలబడి ఒక్క గుక్కలో మింగేది. దాన్ని "రోజుకు ఐదు టీలు తాగుతుంది" అంటారు ఇంట్లో. మీ ఇంట్లో లెక్క దీనికి చాలా దూరంగా ఉందా?

అలాగని టీపాట్ వద్దనను. కావాలనే అంటాను. కానీ ఎక్కువ తాగడానికి కాదు, నాది అనే టీ ఒకటి ఉండటానికి.

"గిన్నె ఉండగా ఇదెందుకు?" అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఇంట్లో ఎన్ని కుర్చీలున్నా మావయ్యగారికి పడక్కుర్చీ ఉంది. ఫోనుకు స్పీకర్ ఉన్నా ఆయనకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. వాటిని ఎందుకని ఎవరూ అడగలేదు. వంటింటి సామానుకే ఆ ప్రశ్న, అందులోనూ ఇల్లాలు తనకోసం అడిగినదానికే.

గిన్నె చేసే పని వేరు, టీపాట్ చేసే పని వేరు. గిన్నెలో నీళ్లు, పాలు, పొడి, చక్కెర అన్నీ కలిపి మరిగిస్తాం. మనం రోజూ వాడే సన్న గుళికల టీ పొడి త్వరగా రంగు, చిక్కదనం దింపుతుంది. పదిమందికి ఒక్కసారి పోసెయ్యడానికి అదే సరైన పద్ధతి. కానీ అది ఆగదు. ఆగితే పైన తొరక కడుతుంది, మళ్లీ వేడిచేస్తే వాసన మారుతుంది. ఫ్లాస్కులో పోస్తే గంట గడిచేసరికి రుచి పోతుంది. టీపాట్‌లో అయితే కాగిన నీళ్లలో ఆకు మూడు నాలుగు నిమిషాలు నానుతుంది, ఆ తర్వాత ఆకును తీసేస్తాం. పాలు కప్పులో కలుస్తాయి, పాట్‌లో కాదు. ఇదేదో దొరల పద్ధతి అనుకోనక్కర్లేదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాషన్ ఒకచోట, బాగా మరిగిన పాలు ఇంకోచోట ఉంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఎవరు ఏ వేళకు వచ్చినా వేడి చాయ్ దొరకడానికి కారణం అదే. ఆ సౌకర్యం నాకు నా వంటింట్లో ఉంటే తప్పేమిటి?

ఇక ఎలాంటిది కొనాలి? ముందుగా చెప్పేదేమిటంటే, ఆరు కప్పులది వద్దు. ఆరు కప్పుల పాట్ కొన్నారంటే ఆరుగురికి పోయడానికి ఇంకో గిన్నె కొన్నట్టే. పెళ్లిలో కానుకగా వచ్చి, షోకేసులో బంగారు అంచుతో కూర్చుని, పెళ్లిచూపులకు మాత్రం బయటికొచ్చే టీ సెట్టూ వద్దు. రెండు కప్పులు పట్టేది, అంటే 350 నుంచి 400 మిల్లీలీటర్లది చాలు. నోరు చెయ్యి పట్టేంత వెడల్పుగా ఉండాలి, లేకపోతే లోపలి మరక వదలదు. వంచినప్పుడు మూత ఊడి కప్పులో పడకూడదు. కొమ్ము చివర బొట్లు కారకూడదు. జల్లెడ బయటికి తీసేలా ఉండాలి, ఆకు అందులోనే ఉండిపోతే రెండో కప్పు చేదెక్కుతుంది. పింగాణీదైతే పొయ్యి మీద పెట్టకండి, పగులుతుంది.

1946లో జార్జ్ ఆర్వెల్ మంచి టీ గురించి 11 నియమాలు రాశాడు. పాట్ పింగాణీదో మట్టిదో అయి ఉండాలన్నాడు, ముందే వెచ్చబెట్టుకోమన్నాడు. ఆ పాట్ ఎవరు కడగాలో మాత్రం పదకొండింట్లో ఒక్కదాంట్లోనూ లేదు. టీపాట్ల గురించి మాట్లాడేవాళ్లంతా ఇప్పటికీ అక్కడే ఆగిపోతున్నారు.

"ఎక్కువ తాగండి" అనే సలహా మీద నా అసలు కోపం ఇంకోటుంది. మనం టీ ఎప్పుడు తాగుతున్నాం? టిఫిన్ అందరికీ పెట్టి, మన టిఫిన్ బదులు. ఆకలిని టీతో అణిచేస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కాబట్టి ఐదు అరగ్లాసుల్ని ఏడు చేసే పాట్ నాకు అక్కర్లేదు. ఐదింటినీ మాన్పించి, పదకొండింటికి ఒక నిండు కప్పు, సాయంత్రం ఒక నిండు కప్పు వేడివేడిగా ఇచ్చే పాట్ కావాలి. టిఫిన్ వేళకు టిఫినే తినాలి.

"ఒక్కదానివే పెట్టుకుని తాగుతావా?" అంటారు. అవును, ఒక్కదాన్నే. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు దానికి 299 నిమిషాలు పెట్టేవారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టింది 97. అసలు చెయ్యని మగవాళ్లు ఆ లెక్కలోకే రారు. 299 నిమిషాల్లోంచి ఒక పదిహేను నిమిషాలు కుర్చీలో కూర్చుంటే అది స్వార్థం ఎలా అవుతుంది?

అందుకే టీపాట్ కొనేముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోండి. నాలుగింటి టీ ఇకనుంచి వంతుల వారీగా పెట్టాలి. పొయ్యి వెలిగించడం అందరికీ వచ్చు, టీ పొడి డబ్బా ఎక్కడుందో అందరికీ తెలుసు. వంతులు లేకుండా పాట్ మాత్రం వస్తే కడగాల్సిన సామానులో ఇంకోటి చేరుతుంది, అంతే. వంతులు కుదిరాక తెచ్చుకుంటే, పొయ్యి మీద గిన్నె ఇంకొకరు చూసుకుంటారు. మీ పాట్‌తో మీరు కూర్చోవచ్చు.