ఐర్లండు - కంపెనీల పన్ను

తనకు రావలసిన బాకీ తన కక్కరలేదని ఋణదాతయే న్యాయస్థానమున కెక్కుట లోకమున నరుదు. ఐర్లండు ప్రభుత్వ మట్టి వ్యాజ్యమునే యెనిమిదేండ్లు నడపినది. ఆపిల్ కంపెనీనుండి 1,300 కోట్ల యూరోల పన్నును వడ్డీతో వసూలు చేసికొనవలసినదని ఐరోపా కమిషను 2016 ఆగస్టులో నాజ్ఞాపింపగా, ఆ ధనము తమకు రావలసినది కాదని యా ప్రభుత్వము కంపెనీతోబాటు అప్పీలు చేసినది. 2020లో క్రింది న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను గాని, 2024 సెప్టెంబరు 10న ఐరోపా న్యాయస్థానము దానిని కొట్టివేసి కమిషను ఆజ్ఞను స్థిరపరచినది.

ఈ వింతకు మూలము రేట్ల భేదము. ఐర్లండులో వ్యాపారలాభములపై పన్ను 2003 నుండి నూటికి 12.5. అమెరికాలో కేంద్రప్రభుత్వపు రేటు 2017 వరకు 35, తరువాత 21. బ్రిటనులో పెద్ద కంపెనీలకు 2023 ఏప్రిలులో 19 నుండి 25కు పెరిగినది. హంగేరీలో 9. కేమను దీవులలో నట్టి పన్నే లేదు. అయినను చట్టములో నచ్చుపడిన రేటు వేరు, ఖజానాకు ముట్టిన రేటు వేరు. ఆపిల్ వారి ఐరిషు శాఖ యొకటి 2014లో తన ఐరోపా లాభములపై చెల్లించినది నూటికి 0.005 మాత్రమేయని కమిషను లెక్కకట్టినది. అనగా పదిలక్షల యూరోల లాభమునకు 50 యూరోలు! లాభములో నధికభాగము "ప్రధాన కార్యాలయము"నకు చెందినదని వ్రాసికొనిరి. ఆ కార్యాలయమునకు భవనము లేదు, ఉద్యోగులు లేరు. అది కాగితముపై దక్క నెచ్చటను లేదు.

ఐర్లండును నిందించుట సులభము. కాని శతాబ్దములు పరపాలనలో నలిగి, కరవున లక్షల ప్రజను కోల్పోయి, మిగిలినవారిలో ననేకులను ఓడ లెక్కించి పరదేశములకు పంపిన దేశమది. ఎగుమతి లాభములపై పన్ను తగ్గించి 1956 నుండి విదేశీ కర్మాగారముల నాకర్షించి తన యువకులకు పని కల్పించుకొనినది. తన పన్నును తాను నిర్ణయించుకొను హక్కు స్వరాజ్యములో నంతర్భాగము. దానిని మేము కాదనజాలము. కమిషను కూడ 12.5 రేటును తప్పుపట్టలేదు. అందరికి నొక రేటు చాటి, ఒక్క కంపెనీకి 1991లోను 2007లోను వేరు ఏర్పాటు చేసియిచ్చుటయే యభియోగము. ఈ రెంటికి గల భేదమును గుర్తింపనివారు ఐర్లండును పొగడినను తెగడినను ఫలము లేదు.

మన దేశమును ఈ పందెమునకు దూరముగా లేదు. 2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము, ఇతర రాయితీలను వదలుకొను కంపెనీలకు రేటును నూటికి 22కు దించినది. సర్‌చార్జి, సెస్సులతో నది 25.17 అగును. కాని స్వంతపేర వ్యాపారము చేయు బెజవాడ వర్తకుడు, 2025-26 నుండి క్రొత్త పద్ధతిలో సయితము, 24 లక్షలకు మించిన యాదాయముపై నూటికి 30 చెల్లింపవలసియున్నాడు. అతడు తన కొట్టును కాగితములో చుట్టి డబ్లినునకు పంపలేడు గదా! పెద్దలు తప్పించుకొనిన బరువు ఇట్టివాని మీదనో, ఉప్పుపప్పులు కొను సామాన్యుని మీదనో పడక యెక్కడికి పోవును?

పెద్ద కంపెనీలు ఎచ్చటనైనను కనీసము నూటికి 15 చెల్లింపవలెనని 2021 అక్టోబరులో, భారతదేశముతో గూడ, 136 దేశము లంగీకరించినవి. 75 కోట్ల యూరోలకు మించిన వ్యాపారముగల కంపెనీలకు ఐర్లండు దీనిని 2024 నుండి అమలు పరచినది. ఇంతలో, ఈ యొడంబడిక తమను బంధింపదని 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ప్రకటించెను; జూనులో ధనికరాజ్యము లేడును అమెరికా కంపెనీలకు మినహాయింపు నొప్పుకొనినవి. బలవంతుడు సంతకమును వెనుకకు తీసికొనగలడు. ఐర్లండువంటి చిన్నరాజ్యమున కా సౌకర్యము లేదు.

ఏ దేశములో నెంత లాభము, ఎంత పన్ను, ఎందరు ఉద్యోగులు అను లెక్కలను బహుదేశ కంపెనీలు 2016 చట్టము ప్రకారము మన పన్నుల శాఖకు దాఖలు చేయవలెను. అవి ప్రజల కంటబడవు. ఐరోపాలో 2024 జూను 22 తరువాత మొదలగు లెక్క సంవత్సరములకు పెద్ద కంపెనీలు వానిని బహిరంగముగా ప్రకటింపవలెనని శాసనమైనది. మన పార్లమెంటు సభ్యులు రాబోవు బడ్జెటు చర్చలో నిచ్చటను నట్టి శాసనమునే కోరవలెనని మేము సూచించుచున్నాము.