ఎవరికి ఎక్కదంటారు?

‘మనోళ్లకి ఇట్టాంటివి ఎక్కవబ్బా!’ నెమ్మదిగా నడిచే సినిమా ఏది వచ్చినా ఈ తీర్పు సిద్ధంగా ఉంటుంది. కథలు వినే నిర్మాతలు అంటారు, సినిమాలు తెగ చూసే కుర్రాళ్లు అంటారు, మా బోగోలు టీకొట్లో పేపరు తిరగేసే పెద్దాయనా అంటాడు. విచిత్రమేమంటే, అన్నవాడికి మాత్రం అది ఎక్కే ఉంటుంది. ఎక్కనిది ఎప్పుడూ పక్కవాడికే.

2022లో వచ్చిన ఐర్లండు సినిమా ‘ది క్వైట్ గర్ల్’ మీద కూడా ఇదే మాట. క్లెయిర్ కీగన్ రాసిన ‘ఫోస్టర్’ కథను కోలమ్ బరేడ్ ఐరిష్ భాషలో తీశాడు. 1981 నాటి పల్లె. ఇంటినిండా పిల్లలు, తల్లి మళ్లీ కడుపుతో ఉంది. తొమ్మిదేళ్ల కాచ్‌ను వేసవికి చుట్టాలింట్లో దింపి వెళ్తాడు తండ్రి. పిల్ల బట్టల పెట్టె కార్లోనే ఉండిపోయిందని కూడా చూసుకోడు. ఆ ఇంటి ఆలుమగలకు కొడుకు పోయాడు, వాడి బట్టలే ఈ పిల్లకు తొడుగుతారు. రాత్రి పిల్ల పక్క తడిపితే, తప్పంతా పరుపుదే అన్నట్టు మాట్లాడి ఆ ఇల్లాలు దాని పరువు నిలబెడుతుంది. మొదట్లో మొహం కూడా చూడని ఇంటాయన ఓ పూట బల్లమీద ఒక బిస్కెట్టు పెట్టి, పలక్కుండా వెళ్లిపోతాడు.

‘ఇందులో ఏం జరిగింది?’ అంటారు. మనకు తెలియంది ఏం జరిగిందని అడగండి, ఒప్పుకుంటాను. అమ్మ కాన్పుకు పెద్దపిల్లను అమ్మమ్మ దగ్గరో పెద్దమ్మ దగ్గరో వదిలిపెట్టడం మా వైపు వింతా? జువ్వలదిన్నె వైపు చేపల వేటకు పోయిన మనిషి తిరిగి రాకపోతే పిల్లల్ని చుట్టాలు తలా ఒకర్ని చేరదీస్తారు. బిట్రగుంట రైల్వే కాలనీలో బదిలీ కాయితం వస్తే, చదువు చెడకూడదని పిల్లోణ్ణి ఎవరింట్లోనో ఉంచుతారు. ఇంకో ఇడ్లీ అడగొచ్చా అని తనలో తనే లెక్కేసుకునే పిల్ల ఆ ఇళ్లలో ఉంటుంది. ఆ లెక్కను ‘పిల్లలకేం తెలుసు, నాలుగు రోజులకు మర్చిపోతారు’ అని కొట్టేసేది పెద్దవాళ్లే.

మన సినిమా చేసేదీ అదే. తెరమీద పిల్ల ముసలమ్మలా ముద్దుమాటలు చెప్పాలి, లేదా హీరో పగకు కారణమై పోవాలి. 1996లో గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ తీశాడు. తల్లిదండ్రులు పోయిన ఇద్దరు పిల్లలు తాతింటికి చేరే కథ. నాకిష్టమైన సినిమా. అయినా అందులో దుఃఖం ఎంతసేపో నిలవదు, కుట్రలూ సాహసాలూ వచ్చి దాన్ని పక్కకు నెట్టేస్తాయి.

‘మరి బలగం?’ అంటారు. 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి జనం కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. చావు ఇంట్లో కూర్చోవడానికి మనోళ్లకు ఓపిక ఉందని అది తేల్చింది. కానీ అది పెద్దల తగువు, పెద్దల ఏడుపు. పిల్ల మౌనాన్ని మనోళ్లు భరిస్తారా లేదా అన్నది దానితో తేలదు. అసలు ఆ పరీక్ష పెట్టందే ఫలితం చెప్పేస్తున్నారు!

‘బలగం’ విడుదలైన పది రోజులకే ఆస్కార్లు. ‘నాటు నాటు’కు బహుమతి వచ్చిన ఆ వేదిక మీదే ‘ది క్వైట్ గర్ల్’ అంతర్జాతీయ చిత్రాల పోటీలో నిలిచింది. అక్కడిదాకా చేరిన తొలి ఐరిష్ భాషా చిత్రం అది. బహుమతి వేరే సినిమాకు పోయింది. ఇక్కడ మార్కెట్టు కబుర్లు చెప్పేవాళ్లు రెండు అంకెలు చూడాలి. ఐర్లండులో 2022 జనగణన ప్రకారం బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు దాదాపు 72 వేలు. మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కకే 8 కోట్ల పైచిలుకు. ప్రేక్షకుల కొరత ఎవరికి?

వాళ్లకున్నదీ మనకు లేనిదీ ఓపిక కాదు, పెట్టుబడి. టీజీ4 అనే ఐరిష్ చానల్, స్క్రీన్ ఐర్లండ్, ప్రసారాల నియంత్రణ సంస్థ కలిసి ‘సినే4’ పథకం పెట్టి ఐరిష్ సినిమాలకు డబ్బిచ్చాయి. మనకూ 2017 దాకా రెండేళ్లకోసారి హైదరాబాదులో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరిగేది. కానీ బోగోలు పిల్లలు ఆ సినిమాలు చూడాలంటే కావలి ఊళ్లోని హాలుకు వాటిని ఎవరో ఒకరు పంపాలి కదా? ఆ ఎవరో ఒకరు ఎవరన్న ప్రశ్న తప్పించుకోవడానికే ‘మనోళ్లకి ఎక్కదు’ అన్న మాట పనికొస్తోంది.